వరహాలు చూసిన నల్లచుక్క

వరహాలుకి సత్యశ్రీ అంటే పడేది కాదు. మా స్కానింగ్ సెంటర్లో ఆ అమ్మాయికి తప్ప అందరికీ ఈ సంగతి తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసే ఉంటుంది, తెలియనట్టు ఉండేదేమో. నా పేరు శ్రీరామ్మూర్తి. నేనక్కడ రిపోర్టులు టైపు చేసేవాణ్ణి. డాక్టరుగారు టేపులో చెప్పింది చెవులకి తగిలించుకుని విని కొట్టడం నా పని. నా బల్ల ఎక్స్‌రే గదికీ ఎం.ఆర్.ఐ. గదికీ మధ్య వసారాలో ఉండేది కాబట్టి రెండువైపులా జరిగేది కొంత కనబడేది. కనబడనిది చాలా ఏళ్ళ తర్వాత వరహాలే నాకు చెప్పాడు.

వరహాలుది పద్మనాభం దగ్గర పల్లె. వానపడితే పండే మెట్ట సేద్యం వాళ్ళది. పదో తరగతి అయ్యాక పట్నం వచ్చి పెద్దాసుపత్రి ఎక్స్‌రే విభాగంలో డార్క్‌రూం మనిషిగా చేరాడు. ఎర్రదీపం వెలుగులో ఫిల్ములు కడిగి ఆరేసేవాడు. ఆ పని చేస్తూనే సర్టిఫికెట్ కోర్సు చదివి టెక్నీషియన్ అయ్యాడు. తలలోని రక్తనాళాలకి ఫొటో తియ్యాలంటే ఆ రోజుల్లో మెడ దగ్గర సూది గుచ్చి, మందు ఎక్కించి, అది మెదడులోకి పాకే మూడు నాలుగు సెకన్లలో ఎక్స్‌రేలు తీసెయ్యాలి. క్షణం ముందు తీస్తే మందు ఇంకా చేరదు. క్షణం ఆలస్యమైతే దాటిపోతుంది. తప్పితే మళ్ళీ గుచ్చాలి. ‘వరహాలు ఉన్నాడా?’ అని కనుక్కుని గానీ సూది చేతిలోకి తీసుకోని డాక్టర్లు ఉండేవారట. ఆయన పదిహేడేళ్ళు ఆ పని చేశాడు. ఎన్నేళ్ళు చేసినా ఉద్యోగం మాత్రం టెంపరరీగానే ఉండిపోయింది. 1996లో డాక్టర్ మోహనకృష్ణగారు జగదాంబ జంక్షన్ దగ్గర సొంతంగా సెంటర్ పెడుతూ, ఆయన్ని కబురుచేసి పిలిపించుకున్నారు.

ఆరేళ్ళు అక్కడ వరహాలు మాటకి తిరుగులేదు. ఎక్స్‌రే ఆయనదే, సి.టి. స్కాన్ ఆయనదే. ఏ ఫిల్మూ ఆయన వెలుగుపెట్టె మీద పెట్టి చూసుకోకుండా కవరులోకి వెళ్ళేది కాదు. తర్వాత 2002లో ఎం.ఆర్.ఐ. మిషను వచ్చింది. దాన్ని లోపలికి తేవడానికి వీధివైపు గోడ కొట్టించాల్సివచ్చింది. మూడు రోజులు మేస్త్రీల దగ్గర నిలబడి ఆ గోడ కొట్టించింది, మళ్ళీ కట్టించింది వరహాలే. మిషను మీద కప్పిన ప్లాస్టిక్ కాగితం ఆయనే విప్పాడు. అది తన చేతికొస్తుందన్న దాంట్లో ఆయనకి అనుమానమే లేదు. బెంగుళూరులో రెండు వారాల ట్రైనింగ్ అని తెలిసి ఒక కొత్త సూట్‌కేసు కూడా కొనుక్కున్నాడు.

డాక్టరుగారు సత్యశ్రీని పంపారు.

సత్యశ్రీకి అప్పుడు ఇరవైనాలుగేళ్ళు. వాళ్ళ నాన్నది కాకినాడ పక్క. పోర్టులో ఉద్యోగం, సాలగ్రామపురం క్వార్టర్లలో కాపురం. డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, రేడియాలజీ డిప్లొమా చేసి మా దగ్గర చేరి అప్పటికి ఎనిమిది నెలలే అయింది. కొత్త మిషనంతా కంప్యూటరు మీదే నడుస్తుందనీ, ఆ అమ్మాయికి అది అలవాటనీ, వరహాలు పాతవన్నీ చూసుకుంటే చాలనీ డాక్టరుగారు నచ్చజెప్పారు. అలాగేనండీ అని వరహాలు తలూపాడు. సూట్‌కేసు ఇంట్లో మంచం కిందికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచే ఆయనకి కడుపుమంట పట్టుకుంది. ఆ అమ్మాయి బెంగుళూరు నుంచి తెచ్చిన మైసూర్‌పాకు ముక్క అందరం తిన్నాం. ఆయన షుగరన్నాడు. ఆయనకి షుగరు లేదు. ఆ అమ్మాయి ఆయన్ని ‘బాబాయిగారూ’ అని పిలిచేది. ఆ పిలుపు వింటే ఆయన ఒళ్ళు మండేది. నా బల్ల దగ్గరికి వచ్చి, “సల్లగ ఏసీలో కూకుని మౌసు తిప్పితే టెక్నీషియనైపోతార్రా బావ?” అనేవాడు. ఆ అమ్మాయి ఎన్నింటికి వచ్చింది, టీకి ఎంతసేపు వెళ్ళింది, ఎవరితో నవ్వుతూ మాట్లాడింది, అంతా ఆయన దగ్గర ఉండేది. తీసిన స్కాన్ బాగోలేదని మళ్ళీ తియ్యాల్సివస్తే ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోయేది.

ఒకసారి ఊళ్ళో పేరున్న న్యూరోసర్జన్ ఒకాయన ఏదో కేసు మాట్లాడడానికి మా సెంటరుకి వచ్చారు. సత్యశ్రీ తీసిన మెదడు రక్తనాళాల ఫిల్ము డాక్టరుగారు ఆయనకి చూపించారు. సూది లేదు, మందు లేదు. పారే నెత్తురు ఆ అయస్కాంతానికి తెల్లగా మెరుస్తూ కనబడుతుంది, మిగతా మెదడంతా మసకబారిపోతుంది. ఆకులన్నీ రాల్చేసిన కొమ్మల్లా నాళాలు మాత్రం తేటగా నిలబడ్డాయి. సర్జన్ ఫిల్ముని అటూ ఇటూ తిప్పి, ఇంత శుభ్రంగా తీసిందెవరని అడిగారు. డాక్టరుగారు సత్యశ్రీని పిలిచి చూపించారు. కవరు పట్టుకుని పక్కనే నిలబడ్డ వరహాలుని ఆ సర్జన్ గుర్తుపట్టలేదు. పెద్దాసుపత్రిలో ఆయన కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు వరహాలు ఆయన పక్కన నిలబడి ఎన్ని ఫిల్ములు తీశాడో.

“పదిహేడేళ్ళు బావ,” అన్నాడు ఆ రోజు సాయంత్రం నాతో. “ఒక్కో మనిషి తల కోసం ఊపిరి బిగబట్టి తీసినాను. ఈ పిల్ల బటన్ నొక్కీసింది.”

అది చాలనట్టు, ఎం.ఆర్.ఐ. గది బయట ఒక మనిషి కావాల్సివచ్చింది. లోపల అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఇనుము ముక్క కూడా లోపలికి పోకూడదు. పేషెంట్ల దగ్గర తాళాలు, చిల్లర, వాచీలు, తల పిన్నులు తీయించాలి. ఆడవాళ్ళు మంగళసూత్రాలకి గుత్తులుగా పెట్టుకునే పిన్నీసులు అడిగి మరీ తీయించాలి. ఎక్స్‌రేలు తగ్గిపోయి ఖాళీగా ఉంటున్నాడని డాక్టరుగారు ఆ పని వరహాలుకి చెప్పారు. అంటే సత్యశ్రీ గదికి ఆయన గుమ్మం మనిషయ్యాడు.

2003 జూన్‌లో ఒక శుక్రవారం నాగమణి అనే ఆవిడ పెందుర్తి నుంచి వచ్చింది. నలభై రెండేళ్ళుంటాయి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మూడు వారాలుగా తలనొప్పి. అక్కడి డాక్టరు మాత్రలిచ్చి చూసి, తగ్గక, మెదడు స్కానూ నాళాల స్కానూ తీయించమని చీటీ రాశాడు. చీటీలో ‘తలనొప్పి, మూడు వారాలు’ అని మాత్రమే ఉంది. వెంట భర్త గంగాధరరావు వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు.

వరహాలు ఆవిడ ఎదురుగా కూర్చుని పళ్ళెంలో పిన్నీసులు వేయిస్తున్నాడు. ఆవిడ ఎడమ కంటి రెప్ప కుడి కంటి మీద కంటే కాస్త కిందికి ఉన్నట్టు ఆయనకి అనిపించింది. తల ఎత్తి చూడమన్నాడు. ఆ కంట్లో నల్లపాప కూడా పెద్దదిగా ఉంది. కన్నెప్పటి నుంచి అలా ఉందని అడిగితే, నాలుగు రోజులైందనీ, మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టు రెండుగా కనబడుతోందనీ, కుట్టుపని ఎక్కువై కాబోలనీ చెప్పింది ఆవిడ.

ఆ కన్ను వరహాలు ఇదివరకు చూశాడు. పెద్దాసుపత్రిలో అలాంటి కంటితో వచ్చిన వాళ్ళకి ఫిల్ము తీస్తే, ఆ వైపు నాళం మీద బుడగ కనబడిన కేసులు ఆయనకి ముగ్గురి మొహాలతో సహా గుర్తున్నాయి. నాళం గోడ ఒకచోట పల్చబడి ఉబ్బుతుంది. కొందరిలో అది బతికినన్నాళ్ళూ చెప్పకుండా పడి ఉంటుంది. పెరిగి కంటి నరాన్ని నొక్కితే ఇలా రెప్ప వాలుతుంది. పగిలితే మనిషి అక్కడికక్కడే కూలిపోవచ్చు.

ఈ సంగతి గుమ్మం దాటి సత్యశ్రీకి చెప్పాలి. పది అడుగుల దూరం. ‘అడిగితే సెప్తాను’ అనుకున్నాడట. ఆ అమ్మాయి అడగలేదు. పిన్నులన్నీ తీశారా బాబాయిగారూ అని మాత్రం అడిగింది. తీశానని చెప్పి తలుపు తెరిచాడు.

డాక్టరుగారు ఆ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాదు వెళ్ళాలి. రెండు రోజుల కాన్ఫరెన్సు. కారు గుమ్మంలో ఉండగానే మిగిలిన ఫిల్ములన్నీ చూసి టేపులో చెప్పేసి వెళ్ళారు. నాగమణి రిపోర్టు నేనే కొట్టాను. మెదడు నార్మల్, నాళాలు నార్మల్.

శనివారం ఉదయం కవర్లలో పెట్టేముందు వరహాలు ఆ ఫిల్ముల్ని వెలుగుపెట్టె మీద బిగించాడు. ముందు నాళాల ఫిల్ము చూశాడు. తప్పు కనబడలేదు. అయితే ఆ ఫిల్ము తయారుచేసేటప్పుడు కంప్యూటరు మీద నాళాల చుట్టూ గీత గీసి మిగతాదంతా కత్తిరించేస్తారు. ఎడమవైపు ఒకచోట ఆ గీత నాళాన్ని ఆనుకుని పోయినట్టు, అంచు నున్నగా కోసేసినట్టు ఆయనకి తోచింది. మెదడు ఫిల్ము తీసి పెట్టాడు. అందులో పారే నెత్తురు తెల్లగా కాదు, నల్లగా పడుతుంది. భూతద్దం పెట్టి ఒక్కో గడీ వెతికాడు. పదకొండో గడిలో ఎడమ నాళం పక్కన, ఉండకూడని చోట, గుండ్రంగా ఒక నల్లచుక్క ఉంది. నాళానికి అంటుకుని ఉంది.

అప్పుడు తనకి కలిగింది సంతోషమని వరహాలు నాతో ఒప్పుకున్నాడు. మామూలు సంతోషం కాదు, ఏడాదిగా గొంతులో అడ్డంపడ్డది దిగిపోయినంత సంతోషం. బెంగుళూరు ట్రైనింగు పొందిన మనిషి కోసిపారేసింది. గుమ్మం దగ్గర పిన్నీసులు ఏరే మనిషి పట్టుకున్నాడు. సోమవారం డాక్టరుగారు వస్తారు. అందరూ ఉండగా ఈ ఫిల్ము ఆయన ముందు పెట్టాలి. సత్యశ్రీ కూడా ఉండాలి. ఏం మాట్లాడాలో కూడా మనసులో కూర్చుకున్నాడు.

పదకొండింటికి గంగాధరరావు రిపోర్టు కోసం వచ్చాడు. ఫిల్ములు ఇంకా తయారుకాలేదనీ, సోమవారం పది తర్వాత ఆవిణ్ణి కూడా తీసుకుని రమ్మనీ వరహాలు చెప్పాడు. గంగాధరరావు గట్టిగా ఏమీ అనలేదు. రేపు అచ్యుతాపురంలో మరదలి గృహప్రవేశం ఉందనీ, అది చూసుకుని సోమవారం వస్తామనీ చెప్పి, ఏమైనా కంగారుపడేది ఉందా అని అడిగాడు. డాక్టరుగారు చూడాలన్నాడు వరహాలు. నా దగ్గరికి వచ్చి ఆ రిపోర్టు అట్టే పెట్టమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆదివారం కంచరపాలెంలో వాళ్ళింట్లో వంజరం చేపల పులుసు. వరహాలు హుషారుగా ఉన్నాడు. ఇల్లాలు రామలక్ష్మమ్మ అది కనిపెట్టింది. ఏడాదిగా ఇంటికి రాగానే సత్యశ్రీ మీద పడి ఏడ్చే మనిషి ఈవేళ కంచం ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంటున్నాడు.

“ఏటి, ఒక్కడివే నవ్వుకుంతన్నావ్?” అంది.

చెప్పాడు. కంటి రెప్పతో మొదలుపెట్టి నల్లచుక్క దాకా, రేపు డాక్టరుగారి ముందు ఏం చెయ్యబోతున్నాడో అదీ, ఏదీ వదలకుండా చెప్పాడు. ఆవిడ అన్నం వడ్డిస్తూ అంతా విన్నది.

“అయితే ఆ మనిసికి సెప్పినావా?”

“రేపు రమ్మన్నాను.”

“ఈలోగ అది పగిలిపోద్దేమో?”

వరహాలు పులుసు పోసుకుని అన్నం కలుపుతున్నాడు. ఆవిడ గిన్నె కింద పెట్టింది. “ఆ పిల్ల మీద నీకు కోపం. మద్దిన ఆ జాకెట్లు కుట్టుకునే ఆవిడేటి సేసింది?”

ఆవిడ గొంతు పెంచలేదు. అడిగి, లోపలికి వెళ్ళిపోయింది. వరహాలు పులుసు కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. పెద్దాసుపత్రిలో చూసిన ముగ్గురిలో ఇద్దరు ఆపరేషన్ బల్ల దాకా చేరలేదు. ఆ సంగతి శుక్రవారం కూడా గుర్తుంది, శనివారం కూడా గుర్తుంది. దాన్ని పక్కకి నెట్టి ఉంచాడు, అంతే.

సెంటరుకి వెళ్ళి కవరు తీసుకుని, అందులో ఉన్న అడ్రసు పట్టుకుని సిటీబస్సులో పెందుర్తి వెళ్ళాడు. ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, పొద్దున్నే అచ్యుతాపురం వెళ్ళారని. తెల్లారగట్ల నాగమణికి తల పగిలిపోయేంత నొప్పి వచ్చి రెండుసార్లు వాంతి చేసుకుందనీ, వద్దన్నా వినకుండా చెల్లెలి గృహప్రవేశమని బయల్దేరిందనీ చెప్పింది. వరహాలు ఆ అరుగు మీదే కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు.

ఏం చెయ్యాలో తోచలేదు. తను డాక్టరు కాదు. ఏ ఆసుపత్రికి వెళ్ళి చెప్పినా, నార్మల్ అని రిపోర్టున్న ఫిల్ము మీద ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ మాట ఎవరు వింటారు? డాక్టరుగారు హైదరాబాదులో ఉన్నారు. ఆయన సెల్‌ఫోన్ నంబరు ఉన్నది ఒక్కరి దగ్గర. ఆ కంప్యూటరు తెరిచి, కోసేసిన దాన్ని మళ్ళీ చూపించగలిగింది కూడా ఆ ఒక్కరే. ఎవరి పేరు చెబితే ఒళ్ళు మండేదో ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ సాలగ్రామపురం క్వార్టర్లలో నలుగురిని అడిగాడు.

సత్యశ్రీ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. గుమ్మంలో వరహాలుని చూసి లేచి నిలబడింది. ఆయన కూర్చోకుండానే, శుక్రవారం వచ్చిన పెందుర్తి ఆవిడకి ఎడమ రెప్ప వాలింది, ఈవేళ వాంతులయ్యాయట, నాళం మీద బుడగ ఉన్నట్టుంది, ఫిల్ములో తెగిపోయింది, మళ్ళీ చూడాలి అన్నాడు. ఆ అమ్మాయి వాదించలేదు. తడిజుట్టు ముడేసుకుని స్కూటీ తాళం తీసుకుంది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నదాని వెనక బండెక్కి, మధ్యాహ్నపు ఎండలో కాన్వెంట్ జంక్షన్ మీదుగా వెళుతూంటే, ఆ పరిస్థితిలో కూడా తనకి ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు ఉందని వరహాలు నాతో అన్నాడు.

వాచ్‌మన్ తలుపు తీశాడు. కంప్యూటరులో నాగమణి స్కాను ముక్కలు నూటికి పైగా అలాగే ఉన్నాయి. సత్యశ్రీ ఒక్కోటీ కదిపింది. వరహాలు వెనక నిలబడి, ఇంకా కిందికి, ఇంకా కిందికి అన్నాడు. ఒకచోట ఇద్దరూ ఆగారు. ఆ అమ్మాయి ఈసారి ఏమీ కత్తిరించకుండా నాళాలన్నిటినీ కలిపి తిప్పింది. ఎదురుగా చూస్తే ఒకదాని మీద ఒకటి పడి ఏమీ తెలియలేదు. పక్కకి తిప్పేసరికి ఎడమ నాళం మీంచి శనగగింజంత బుడగ, ఒక వైపు చిన్న ముక్కుతో, బయటికి పొడుచుకు వచ్చింది.

“నేనే కోసేశానండీ,” అంది సత్యశ్రీ. వెనక్కి తిరిగి, “మీరెప్పుడు చూశారు బాబాయిగారూ?” అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి వీలుంది. ఇప్పుడే ఫిల్ము చూశానని అనొచ్చు. ఎందుకో ఆ అమ్మాయి మొహంలోకి చూస్తే ఆ మాట రాలేదట.

“నిన్న పొద్దుట,” అన్నాడు. “కన్నయితే శుక్రవారవే సూసినాను. నీకు సెప్పలేదు.”

ఆ అమ్మాయి ఆయన్ని చూసిన చూపులో కోపం కనబడితే బాగుండేదన్నాడు వరహాలు. అర్థంకాని లెక్కని చూసినట్టు చూసి, డాక్టరుగారికి ఫోన్ కలిపింది. తను నాళాన్ని కోసేసిందని ముందు చెప్పింది. తర్వాత బుడగ కొలత చెప్పింది, రెప్ప సంగతి చెప్పింది, వాంతుల సంగతి చెప్పింది. ఆయన, ఆమధ్య సెంటరుకి వచ్చిన న్యూరోసర్జన్‌కి తను చెబుతాననీ, ఆవిడ ఎక్కడుంటే అక్కడినుంచి కుదుపు లేకుండా పడుకోబెట్టి తెమ్మనీ అన్నారు.

సెంటరు వ్యానులో ఇద్దరూ బయల్దేరారు. అచ్యుతాపురంలో ఇప్పుడున్న ఫ్యాక్టరీలు అప్పటికి లేవు. కొత్త ఇల్లు ఎక్కడని అడిగితే రోడ్డు మీది మనిషే చూపించాడు. షామియానా కింద ఆఖరి బంతి భోజనాలు ఇంకా నడుస్తున్నాయి. నాగమణి లోపలి గదిలో, కొత్త సున్నం వాసన మధ్య, కళ్ళ మీద కొంగు కప్పుకుని చాప మీద పడుకుని ఉంది. ఉపవాసం వల్ల పైత్యం చేసిందని అందరూ అనుకుంటున్నారు. ఎడమ కన్ను ఇప్పుడు పూర్తిగా మూసుకుపోయింది. గంగాధరరావు వరహాలుని గుర్తుపట్టి, “సోమవారం రమ్మన్నారు కదండీ?” అన్నాడు. సత్యశ్రీ అందుకుని, ఫిల్ము మళ్ళీ చూస్తే తేడా కనబడిందనీ, ఇప్పుడే బయల్దేరాలనీ మెల్లగా చెప్పింది. చాపతో సహా ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు. దారంతా సత్యశ్రీ ఆవిడ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వరహాలు డ్రైవరు పక్కన కూర్చుని గతుకు వచ్చినప్పుడల్లా మెల్లగా, మెల్లగా అంటూనే ఉన్నాడు.

మంగళవారం ఆపరేషన్ చేశారు. తల తెరిచి బుడగ మొదట్లో చిన్న క్లిప్ పెట్టి మూసేశారు. బుడగ ఆదివారం తెల్లారగట్లే కొద్దిగా నెత్తురు చిమ్మిందనీ, రెండోసారి చిమ్మకముందే తీసుకురావడం వల్ల బతికిందనీ సర్జన్ చెప్పారు. ఇరవై రోజులకి నాగమణి ఇంటికి వెళ్ళింది. రెప్ప మాత్రం పూర్తిగా లేవలేదు. సగం దాకా లేచి అక్కడే ఆగిపోయింది.

డాక్టరుగారు హైదరాబాదు నుంచి రాగానే మా అందర్నీ పిలిచారు. తను కూడా హడావుడిలో చూడలేదని మా ముందే ఒప్పుకున్నారు. ఆ చుక్క పట్టుకున్నదెవరని అడిగారు. వరహాలు నేల చూస్తున్నాడు. సత్యశ్రీ అంతా చెబుతుందనే అనుకున్నాడు.

“వరహాలు గారు పట్టుకున్నారండి,” అంది సత్యశ్రీ. “ఆదివారం మా ఇంటికొచ్చి చెప్పారు. ఆయన రాకపోతే నాకు తెలిసేదే కాదు.”

అంతకుమించి ఒక్క మాట అనలేదు. డాక్టరుగారు వరహాలు భుజం మీద చెయ్యేశారు. ఇకనుంచి ఏ మెదడు స్కానైనా వరహాలు చూడనిదే బయటికి పోకూడదన్నారు. వరహాలుకి ఎం.ఆర్.ఐ. నేర్పమని సత్యశ్రీకి చెప్పారు.

ఆయన ఏడాదిగా కోరుకున్నదంతా ఒక్కరోజులో చేతికొచ్చింది. ఇచ్చింది మాత్రం ఆ అమ్మాయి. ఆ రోజు ఆయనకి పుట్టిన కుళ్ళు ముందరిదానికంటే పెద్దదట. “పనిలోనే నాకన్నా ఎక్కువనుకున్నాను బావ. మనిసిగా కూడా ఎక్కువైపోనాది. అదెలా ఓర్సుకోను?” అన్నాడు నాతో. తిట్టి ఉంటే సరిపోయేది. తన తప్పు దాచినందుకు ఆయన ఆ అమ్మాయిని క్షమించలేకపోయాడు. అయినా రోజూ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నాడు. ఆ అమ్మాయి విసుక్కోకుండా నేర్పింది. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి. చీటీలో ఏం రాసున్నా సరే, పేషెంటు లోపలికొచ్చేముందు “బాబాయిగారూ, మీకేమైనా కనిపించిందా?” అని అడగడం అలవాటు చేసుకుంది.

నాగమణి వాళ్ళమ్మ కూడా చాలా ఏళ్ళ క్రితం తలనొప్పంటూ ఉన్నపళంగా పోయిందని తెలిసి, తోడబుట్టినవాళ్ళకి కూడా స్కాను తీయమని సర్జన్ రాశారు. మరుసటి ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక అచ్యుతాపురం చెల్లెలు వచ్చింది. తోడు నాగమణి వచ్చింది. చెల్లెలి స్కాను వరహాలే తీశాడు. ముక్కలన్నీ చూశాకే గీత గీశాడు. ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి బయటికి వచ్చాడు. బెంచీ మీద నాగమణి ఒక్కతే ఉంది, సగం వాలిన ఆ కంటితో ఆయన్ని చూసి దణ్ణం పెట్టింది. ప్రాణం పోశావు బాబూ అంది. ఆ దణ్ణం భరించలేక చెప్పేశాడు.

“నాను శనివారవే సూసినానమ్మా. ఆ అమ్మాయి మీద కుళ్ళుతోటి ఆపీసినాను. అప్పుడే సెప్పుంటే నీ కన్ను బాగయ్యేదేమో.”

నా బల్ల పక్కనే కాబట్టి ఇది నేను విన్నాను. నాగమణి జోడించిన చేతులు ఒళ్ళోకి దించుకుంది.

“నాను సూదిలో దారం ఎక్కించుకోలేకపోతన్నాను,” అంది. “మా ఆయనే ఎక్కిస్తన్నాడు.”

చెల్లెలు రాగానే లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తమ్ముడి స్కానుకి వచ్చినప్పుడు కౌంటర్లో అడిగింది, ఆ అమ్మాయే తియ్యాలని. వరహాలు విని స్టూలు మీంచి లేచి ఎక్స్‌రే గదిలోకి వెళ్ళాడు. ఆవిడ వెళ్ళేదాకా బయటికి రాలేదు.

సత్యశ్రీ 2007లో పెళ్ళయ్యాక మధురవాడ వైపు కొత్తగా వచ్చిన ఆసుపత్రిలో చేరింది. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడి స్కానింగ్ విభాగానికంతటికీ పెద్దయింది. మా దగ్గర మిషను పూర్తిగా వరహాలు చేతికే వచ్చింది. ఆయన తీసిన నాళాల స్కానుల్లో మరో నాలుగు బుడగలు పగలకముందే దొరికాయి. ఒకటి పోర్టులో కలాసీకి, ఒకటి ఇరవై రెండేళ్ళ నర్సుకి. వాటి గురించి ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేసేవాడు.

ఈమధ్య మా ఇంటికి వచ్చాడు. సత్యశ్రీ ఫోన్ చేసిందట. తన దగ్గర చేరిన కొత్త టెక్నీషియన్లకి ఫిల్ము చూడడం నేర్పడానికి వారానికి రెండు రోజులు రమ్మని. వెళుతున్నావా అని అడిగాను. వెళ్ళకపోతే ఎలా అన్నాడు. అక్కడి మిషను మన దానికి రెండింతలనీ, ముక్కలు ఇంకా పల్చగా తీస్తుందనీ, గదిలో పేషెంట్ల కోసం పాటలు కూడా పెడతారనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం ముడుచుకునే ఉంది.

“ఆ కుళ్ళు ఇంకా పోలేదా?” అన్నాను.

“పోలేదు బావ,” అన్నాడు. “కానీ కనబడ్డది కనబడ్డట్టు అప్పుడే సెప్పీస్తన్నాను.”

టీ తాగి, మధురవాడ బస్సుకి వేళయిందని లేచాడు.